వెళ్లిపోయిన స్కాలర్ల సీసాలు: విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ప్రమాదకర రసాయనాలు, వ్యర్థాలు – పాటించవలసిన పద్ధతి

రెండేళ్ల కిందట మే నెలలో, చెన్నైలోని ఒక విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగంలో గోడలకు సున్నం వేయించవలసి వచ్చి, పాత చెక్క అలమర ఒకటి ఖాళీ చేయించే పని నా మీద పడింది. వెనక వరసలో ఒక గోధుమరంగు సీసా దొరికింది. చెన్నై గాలిలోని తేమకు లేబులు సగం ఊడిపోయింది, బాల్‌పెన్ను సిరా వెలిసిపోయింది, మిగిలిన భాగం మీద "ఆర్బీ-17, మూడో ఫ్రాక్షన్" అని మాత్రం చదవగలిగాము. ఆర్బీ అన్నది ఆరేళ్ల ముందు పట్టా తీసుకుని విదేశానికి వెళ్లిన నెల్లూరు కుర్రవాడి పేరులోని పొడి అక్షరాలని ల్యాబ్ అసిస్టెంటు గుర్తుపట్టాడు. ఫోను చేస్తే, "ఏమో అన్నా, అందులో టీహెచ్ఎఫ్ ఉండొచ్చు, అజైడ్ కూడా ఉండొచ్చు, నిజంగా గుర్తులేదు" అన్నాడు. టీహెచ్ఎఫ్ పాతబడితే పేలగల ద్రావకం, అజైడ్ ఇతర పదార్థాలతో కలిస్తే పేలగల రసాయనం. ఆ ఒక్క సీసాను అక్కడినుంచి కదిలించడానికి మాకు పదకొండు రోజులు పట్టింది.

విశ్వవిద్యాలయానికి, కర్మాగారానికి ఉన్న తేడా ఇక్కడే ఉంది. కర్మాగారంలో పది రకాల రసాయనాలు టన్నుల లెక్కన ఉంటాయి, వాటిని వాడేవారు ఏళ్ల తరబడి అక్కడే ఉంటారు. మన దగ్గర వందల రకాలు గ్రాముల లెక్కన ఉంటాయి, వాడేవారు రెండేళ్లకో ఐదేళ్లకో వెళ్లిపోతారు. కాబట్టి కింద చెప్పబోయే పద్ధతి అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ సీసాను నింపిన మనిషి రేపు ఇక్కడ లేకపోతే, చూసినవారికి అందులో ఏమున్నదో తెలుస్తుందా?

కొనేటప్పుడే మొదలుపెట్టండి

వ్యర్థం చెత్త డబ్బా దగ్గర పుట్టదు, ఇండెంటు, అంటే కొనుగోలు కోరే పత్రం, రాసేటప్పుడు పుడుతుంది. అర లీటరు కన్నా రెండున్నర లీటర్ల సీసా లీటరు లెక్కన చవక పడుతుందనీ, మార్చి 31లోగా గ్రాంటు ఖర్చు చేయకపోతే వెనక్కి పోతుందనీ కొన్న సరుకే తరువాత అలమరలో మిగిలిపోతుంది. మిగిలిన రెండు లీటర్లను వదిలించుకోవడానికి అయ్యే ఖర్చు, కొన్నప్పుడు ఆదా చేసిన డబ్బు కన్నా చాలాసార్లు ఎక్కువే. ఇండెంటు మీద సంతకం పెట్టే ముందు గైడుగారు స్టాక్ రిజిస్టరు తెప్పించుకుని, పక్క ల్యాబులో అదే రసాయనం ఉందేమో చూడాలి. ప్రతి కొత్త రసాయనానికీ సరఫరాదారు ఇచ్చే భద్రతా సమాచార పత్రం పదహారు విభాగాలుగా ఉంటుంది. అంతా చదివే ఓపిక లేనివారు కనీసం ఏడో విభాగం, అంటే నిల్వ, పదో విభాగం, అంటే దేనితో కలిస్తే ఏమవుతుంది, పదమూడో విభాగం, అంటే ఎలా పారవేయాలి, ఈ మూడూ చదివిన తరువాతే సీసా మూత తీయాలి.

లేబులు

సీసా వచ్చిన రోజు, తెరిచిన రోజు రెండు తేదీలూ దాని మీద వేయాలి. వ్యర్థాల క్యానుకైతే మొదటి చుక్క పోసిన తేదీ వేయాలి. పదార్థం పేరు పూర్తిగా రాయాలి. ఫార్ములా, నోట్‌బుక్ కోడు, "ప్రొడక్ట్", "వేస్ట్" అన్న ఒంటి మాట, ఇవేవీ పనికిరావు. మిశ్రమమైతే ఒక్కొక్కటి సుమారుగా ఎంత శాతమో, అది మండేదా, తినివేసేదా, విషమా, ఎవరి గదిది, ఎవరిని అడగాలి అన్నవి కూడా ఉండాలి. అసిటోను ఒక్క చుక్క పడితే మార్కరు రాత కొట్టుకుపోతుంది, ఇంకు సంగతి చెప్పనే అక్కరలేదు. అందుచేత మేము పెన్సిలుతో రాసి, పైన పారదర్శకమైన టేపు అతికిస్తున్నాము. ఇంత చిన్న ఏర్పాటు మమ్మల్ని ఎన్ని చిక్కులనుంచి కాపాడిందో చెప్పలేను. మా స్కాలర్లలో సగంమంది తెలుగువారే అయినా, గదులు ఊడ్చే అమ్మలకూ అటెండర్లకూ వచ్చింది తమిళం. కాబట్టి ప్రమాద హెచ్చరిక ఇంగ్లీషుతో పాటు తమిళంలోనూ ఉండాలి, పక్కన పుర్రె గుర్తో మంట గుర్తో ఉండాలి. మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో ఏ రసాయనమూ ఒక్క నిమిషం కోసం కూడా పోయకూడదు. చెన్నై ఎండలో చల్లని సీసా కనబడితే చేయి దానంతట అదే వెళుతుంది.

అలమరలో ఏది ఎక్కడ

అక్షరక్రమంలో సర్దడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ అంతకన్నా చెడ్డ పద్ధతి లేదు. ఇంగ్లీషు అక్షరక్రమంలో పేరిస్తే ఎసిటిక్ ఆమ్లం పోయి అమ్మోనియం నైట్రేటు దగ్గర చేరుతుంది. అంటే మండేదీ, మంటను రగిల్చేదీ ఒకే అరలో ఉంటాయి. సర్దవలసింది స్వభావాన్ని బట్టి: మండే ద్రావకాలు ఒకచోట, మంటను రగిల్చే ఆక్సీకరణులు వాటికి దూరంగా, ఆమ్లాలు ఒక ట్రేలో, క్షారాలు మరొక ట్రేలో, సయనైడ్లూ సల్ఫైడ్లూ ఆమ్లాలకు దగ్గర లేకుండా తాళం వేసిన అరలో. ఆమ్లమే కదా అని గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లాన్ని నైట్రిక్ ఆమ్లం పక్కన పెట్టడం మామూలు తప్పు. మొదటిది మండే సేంద్రియ ద్రవం, రెండోది తీవ్రమైన ఆక్సీకరణి. ద్రవాలేవీ కంటి ఎత్తుకు పైన ఉండకూడదు. ప్రతి ట్రే అందులోని పెద్ద సీసా పగిలినా మొత్తం పట్టేంత లోతుగా ఉండాలి.

ఈ ఊళ్లో మరొక జాగ్రత్త అవసరం. 2015 డిసెంబరులో అడయారు నది పొంగినప్పుడు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో చూసినవారెవరూ సోడియం, పొటాషియం, లిథియం అల్యూమినియం హైడ్రైడు వంటివాటిని నేలకు ఆనిన అరలో పెట్టరు. సెప్టెంబరు చివరికల్లా నేల అంతస్తులోని నీటితో చర్య జరిపే పదార్థాలన్నిటినీ పై అంతస్తుకు చేర్చాలి. సోడియం అంటుకుంటే నీళ్లూ, కార్బన్ డయాక్సైడు సిలిండరూ రెండూ పనికిరావు. పక్కన పొడి ఇసుక బకెట్టు ఉండాలి, ఆ ఇసుక వానాకాలంలోనూ పొడిగానే ఉందో లేదో చూడాలి.

ఇంట్లో వాడే ఫ్రిజ్‌లో ఈథర్ పెట్టకూడదు. ఈథర్ ఆవిరి సున్నాకు నలభై ఐదు డిగ్రీల దిగువన కూడా అంటుకోగలదు. ఫ్రిజ్ లోపలి థర్మోస్టాట్ నిప్పురవ్వ దానికి చాలు. పేలుడు నిరోధక ఫ్రిజ్ కొనే స్తోమత లేకపోతే ఈథర్ చల్లగా దాచే అలవాటే మానుకోవాలి.

వ్యర్థాల క్యాన్లు

ఒక సాయంత్రం మొదటి సంవత్సరం స్కాలరు ఒకరు చేతిలో బీకరుతో నా దగ్గరకు వచ్చి, "అన్నా, ఇది ఏ క్యాన్లో పొయ్యాలి?" అని అడిగింది. సిలికాన్ ముక్కలు శుభ్రం చేయగా మిగిలిన నైట్రిక్ ఆమ్లం అది. ఆమె అడగకుండా పక్కనున్న అసిటోను క్యాన్లో పోసి మూత బిగించి ఉంటే, రాత్రికి గోధుమరంగు పొగ పేరుకుని క్యాను పగిలేది. వ్యర్థాల సీసాలు పగిలిన సంఘటనలలో ఈ జంటే, నైట్రిక్ ఆమ్లమూ సేంద్రియ ద్రావకమూ, మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లమూ హైడ్రోజన్ పెరాక్సైడూ కలిపిన పిరానా ద్రావణం సంగతీ అంతే. అది పూర్తిగా చల్లారి, బుడగలు ఆగేవరకు, ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లో మూత లేకుండా వదిలేయాలి. బిగించిన సీసాలో ఎప్పుడూ నింపకూడదు.

కాబట్టి కనీసం ఈ క్యాన్లు విడివిడిగా ఉండాలి: క్లోరిన్ వంటి హాలోజెన్లు ఉన్న ద్రావకాలకు ఒకటి, లేనివాటికి ఒకటి, ఆమ్లాలకు ఒకటి, క్షారాలకు ఒకటి, భార లోహాలు కలిసిన నీటికి ఒకటి, పాదరసానికి ఒకటి. క్లోరోఫారమూ అసిటోనూ రెండూ ద్రావకాలే కదా అని కలిపితే, అందులో కాస్త క్షారం పడగానే వేడి పుట్టి మిశ్రమం మరిగిపోతుంది. సోడియం అజైడును డైక్లోరోమీథేనుతో కలిపితే తగిలితే పేలే పదార్థం తయారవుతుంది. ఆమ్లంతో కలిపితే విషవాయువు వస్తుంది. సింకులో పోస్తే పైపులోని రాగితోనో సీసంతోనో కలిసి కొన్నాళ్లకు ప్లంబరు చేతిలో పేలుతుంది. అజైడుకు సొంత డబ్బా తప్పదు. బ్లీచింగు ద్రావణాన్ని ఆమ్లంతో కలిపితే క్లోరిన్, అమ్మోనియాతో కలిపితే క్లోరమిన్ పుడతాయి. ఇది పరిశోధకులకన్నా సింకులు కడిగే వారికి ముందు చెప్పవలసిన మాట.

క్యానును పూర్తిగా నింపకూడదు. పైన పదో వంతు ఖాళీ వదలాలి, ఎందుకంటే మే నెల ఎండకు ద్రావకం వ్యాకోచిస్తుంది. పోసేటప్పుడు తప్ప మూత వేసే ఉంచాలి. గరాటును క్యాను మీదే వదిలేసి భోజనానికి వెళ్లడం అన్ని ల్యాబులలోనూ ఉన్న జబ్బు. ఫ్యూమ్ హుడ్‌లో మూత తీసి పెట్టి ద్రావకాన్ని ఆవిరి చేసి "పారవేయడం" కూడా పారవేయడం కాదు, మన భవనం కప్పు మీదకు పంపడమే.

పర్యావరణ ఇంజినీరింగు విభాగంవారు నన్ను మన్నించాలి. నీటి కాలుష్యాన్ని కొలిచే సీఓడీ పరీక్షలో ఒక్కొక్క గొట్టంలో ఉండేవి డైక్రోమేటు, పాదరస సల్ఫేటు, వెండి సల్ఫేటు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. అడయారు నీరు ఎంత మురికిగా ఉందో తేల్చిన తరువాత ఆ గొట్టాలను సింకులో కడిగిన ల్యాబులను నేను చూశాను. ఆ పరీక్ష వ్యర్థాన్ని చివరి బొట్టు వరకు భార లోహాల క్యాన్లోకే ఒంపాలి, మొదటి కడుగు నీటిని కూడా.

మరి సింకులో ఏది పోయవచ్చు? విషలోహాలు లేని పలుచని ఆమ్లాలను, క్షారాలను తటస్థీకరించి, పీహెచ్ 5.5కూ 9కీ మధ్య ఉన్నదని కాగితం ముంచి చూసిన తరువాత పోయవచ్చు. మామూలు ఉప్పులు, చక్కెరలు, పీహెచ్ నిలకడగా ఉంచే బఫర్ ద్రావణాలు పోయవచ్చు. సందేహం ఉన్నదేదీ పోయకూడదు. డిగ్రీ విద్యార్థుల ప్రాక్టికల్సులో అరవైమంది ఒకేసారి వెండి ద్రావణంతో ఆల్డిహైడ్లను గుర్తించే టాలెన్స్ పరీక్ష చేసినప్పుడు, ఆ వెండి ద్రావణాన్ని అదే పూట ఆమ్లం కలిపి వెండి వ్యర్థాల క్యాన్లో పోయించాలి. రేపటికి దాచితే పేలే వెండి సమ్మేళనం ఏర్పడుతుంది.

కాలం గడిచేకొద్దీ ప్రమాదమయ్యేవి

డైఇథైల్ ఈథర్, టీహెచ్ఎఫ్, డయాక్సేన్, డైఐసోప్రొపైల్ ఈథర్ గాలి తగిలితే పెరాక్సైడ్లు అనే పేలే గుణమున్న పదార్థాలుగా మారతాయి. చివరిదాన్ని తెరిచిన మూడు నెలలలోపు, మిగతావాటిని ఆరు నెలలలోపు పరీక్ష పట్టీతో చూడాలి, లేదా వ్యర్థాల కింద పంపాలి. ఈ ద్రావకాలను ఎన్నడూ పూర్తిగా ఆరిపోయేదాకా స్వేదనం చేయకూడదు. పాత సీసా మూత చుట్టూ తెల్లని పలుకులు కనిపిస్తే దాన్ని తాకకూడదు, తిప్పకూడదు, "కొంచెం చూద్దాం" అనకూడదు. గది మూసి భద్రతాధికారికి చెప్పాలి. పిక్రిక్ ఆమ్లం కూడా ఇలాంటిదే. తడిగా ఉన్నంతవరకు నెమ్మది, ఎండిపోతే మూత తిప్పిన రాపిడికే పేలగలదు. జంతుశాస్త్ర విభాగాల పాత అలమరలలో ఇప్పటికీ అది దొరుకుతుంది.

మొదట చెప్పిన ఆర్బీ-17 సీసాతో మేము చేసిందేమిటంటే, మూత ముట్టకుండా టార్చి వేసి పలుకుల కోసం చూశాము, లేవు. స్కాలరు నోట్‌బుక్ గైడుగారి బీరువాలో దొరికింది. అందులో పదిహేడో ప్రయోగం పుట తీసి ఏయే పదార్థాలు వాడాడో రాసుకున్నాము. అజైడు వాడిన ప్రయోగం ఇరవై రెండోదని తేలిన తరువాతే మా ఊపిరి నెమ్మదించింది. ముఖకవచం వేసుకుని, అడ్డుపలక వెనక నిలబడి తెరిచి, పట్టీతో పెరాక్సైడ్లు చూసి, అప్పుడు క్యాన్లో చేర్చాము. నోట్‌బుక్ దొరక్కపోతే బయటి నిపుణులను పిలవవలసి వచ్చేది, దానికి ఎంత ఖర్చయ్యేదో ఊహించగలరు.

గ్యాసు సిలిండర్లు, కోటు

సిలిండరును నిలబెట్టి గోడకు గొలుసుతో బిగించాలి, కదిలించేటప్పుడు టోపీ పెట్టి బండి మీదే తీసుకువెళ్లాలి. హైడ్రోజన్ భవనం బయటి బోనులో ఉండాలి. 2018 డిసెంబరు 5న బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సిలిండరు పేలి ఒక పరిశోధకుడు మరణించాడు, ముగ్గురు గాయపడ్డారు. ద్రవ నత్రజని ఒక లీటరు ఆవిరైతే సుమారు ఏడు వందల లీటర్ల వాయువై, మూసిన చోట ఊపిరికి కావలసిన గాలిని తోసేస్తుంది. అందుచేత ఆ పాత్రను లిఫ్టులో పంపేటప్పుడు మనిషి లోపల ఉండకూడదు.

చెన్నై ఉక్కపోతలో కోటు వేసుకోమంటే ఎవరికైనా కష్టమే. అయినా 2008 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, గాలి తగిలితే అంటుకునే టెర్షియరీ బ్యూటైల్ లిథియం సిరంజినుంచి చిమ్మి ఒక యువ పరిశోధకురాలి స్వెట్టరు అంటుకుంది. ఆమెకు ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు. పద్దెనిమిది రోజుల తరువాత ఆమె మరణించింది. నూలు కోటు ధరించాలి, చున్నీని కోటు లోపల ముడివేయాలి, సిల్కు, పాలియెస్టరు బట్టలతో అలాంటి పనులకు రాకూడదు.

జీవ వ్యర్థాలు, ఎలక్ట్రానిక్సు, వికిరణ మూలాలు

జీవ సాంకేతిక ల్యాబులకు 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నియమాలు వర్తిస్తాయి. సూక్ష్మజీవుల కల్చర్లను ముందు ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడిలోని ఆవిరితో చంపి) పసుపు సంచిలో, కలుషితమైన ప్లాస్టిక్కును ఎరుపు సంచిలో, సూదులను, బ్లేడ్లను గుచ్చుకోని తెల్లని డబ్బాలో, గాజును నీలి గుర్తు పెట్టెలో వేయాలి. శుద్ధి చేయని వ్యర్థాన్ని నలభై ఎనిమిది గంటలు దాటి ఉంచకూడదు. క్లోరిన్ ద్రావణం పోసిన కల్చరును మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకండి, గదంతా క్లోరిన్ నిండుతుంది. పాత కంప్యూటర్లనూ బ్యాటరీలనూ నమోదైన రీసైక్లరుకే ఇవ్వాలి, గేటు దగ్గరికి వచ్చే పాత సామాన్లవారికి కాదు.

పాత సామాన్ల మాట వచ్చింది కాబట్టి ఈ కథ చెప్పాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగంలో ఏళ్ల తరబడి వాడకుండా పడివున్న గామా వికిరణ యంత్రాన్ని 2010 ఫిబ్రవరిలో పాత ఇనుము కింద వేలం వేశారు. లోపల కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్నదని కొన్నవారికి తెలియదు. మాయాపురి తుక్కు దుకాణాలలో దాన్ని విప్పారు, ముక్కలు చేతులు మారాయి, ఏప్రిల్ నాటికి పలువురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు మరణించారు. అమ్మినవారిలో దుర్మార్గులెవరూ లేరు. ఆ యంత్రమేమిటో తెలిసిన మనుషులు పదవీ విరమణ చేసి వెళ్లిపోయారు, అంతే. వికిరణ మూలమున్న ఏ పరికరమైనా అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేకుండా గది దాటకూడదు. పాత సామాన్ల జాబితా వేలానికి వెళ్లే ముందు వికిరణ భద్రతాధికారి ప్రతి వస్తువునూ మీటరుతో చూసి సంతకం చేయాలి.

బయటికి పంపడం

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వ్యర్థాలను సాధారణంగా తొంభై రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. కాలుష్య నియంత్రణ మండలినుంచి, ఇక్కడైతే గిండీలో ప్రధాన కార్యాలయమున్న తమిళనాడు మండలినుంచి, అధికార పత్రం తీసుకోవాలి. ఎంత పుట్టింది, ఎంత పోయింది అన్నది ఫారం 3లో రాయాలి, గడిచిన ఆర్థిక సంవత్సరపు లెక్క ఏటా జూన్ 30లోగా ఫారం 4లో పంపాలి. క్యాన్లకు ఫారం 8 లేబులు, లారీతో పాటు ఫారం 10 మ్యానిఫెస్టు, అంటే సరుకు రవాణా పత్రం, ఉండాలి. దాని ఏడు ప్రతులలో పసుపు ప్రతి మన దగ్గర ఉంటుంది, సరుకు అందుకున్నవారు సంతకం చేసిన నీలి ప్రతి మనకు తిరిగి వస్తుంది. నీలి ప్రతి రాకపోతే పని పూర్తయినట్టు కాదు, అడిగి తెప్పించుకోవాలి. చెన్నైనుంచి ఇవి చేరేది సూళ్లూరుపేట దారిలో ఉన్న గుమ్మిడిపూండి శుద్ధి కేంద్రానికి. నెల్లూరు రైలెక్కినప్పుడల్లా ఆ స్టేషను చూసి మా క్యాన్లు గుర్తుకు వస్తాయి.

ఒలికినప్పుడు

ముందు మనుషులు, తరువాత మంట, ఆ తరువాతే నేల. కంట్లో పడితే పదిహేను నిమిషాలు ఆపకుండా కడగాలి, గడియారం చూసి మరీ. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడే గదిలో, అది ఒంటి మీద పడితే పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ గడువు తీరకుండా ఉండాలి, లేకపోతే ఆ ఆమ్లం సీసా తెరవనే కూడదు. థర్మామీటరు పగిలితే పాదరసాన్ని చీపురుతోనో వాక్యూమ్ క్లీనరుతోనో ఎత్తకూడదు. అట్టముక్కతో బొట్లను చేర్చి, మిగిలినదాని మీద గంధకం పొడి చల్లాలి.

వెళ్లిపోయే రోజు

స్కాలరు పట్టా తీసుకునే ముందు బకాయిలేవీ లేవని చెప్పే నో డ్యూస్ కాగితం పట్టుకుని లైబ్రరీకి, హాస్టలుకు, అకౌంట్సుకు తిరుగుతాడు. ఆ కాగితం మీద మేము ఒక గడి చేర్చాము: "నా సీసాలన్నీ చూపించాను." వెళ్లేవారూ, ఆ బల్ల తీసుకునే జూనియరూ, నేనూ ముగ్గురం కలిసి అలమర ముందు నిలబడతాము. ఒక్కొక్క సీసా తీసి పేరు చదువుతారు. పేరు చెప్పలేనిది వ్యర్థాల గదికి పోతుంది, కావలసినది జూనియరు పేరుతో కొత్త లేబులు అతికించుకుంటుంది. మొన్న ఒక అమ్మాయికి ఇది మూడు గంటలు పట్టింది. నాలుగు గంటల బస్సు తప్పిపోతుందని విసుక్కుంది కానీ, చివరి అరలో తన చేతిరాతే ఉన్న రెండు సీసాలు దొరికితే, వాటిలో ఏమున్నదో చెప్పలేక, నోట్‌బుక్ తేవడానికి తానే మేడ మీదికి వెళ్లింది.